పారమ్మ ఖాతా, సింహాచలం ఫోను

పెద్ద నోట్లు రద్దయిన మరుసటి వేసవిలో నన్ను రాయగడ నుంచి మా సొంత ఊరు బంధుగాం బ్యాంకు శాఖకు హెడ్ క్యాషియరుగా వేశారు. డబ్బు గదికి రెండు తాళాలు. ఒక చెవి మేనేజరు దగ్గర, రెండోది హెడ్ క్యాషియరు దగ్గర ఉంటాయి. ప్యూనుగా చేరి, నా చదువు నేనే చదువుకుని, పరీక్షలు రాసి ఆ చెవి దాకా వచ్చినవాణ్ణి. అందుకే ఇవాళ ఎవరైనా “ఫోనుండగా బ్యాంకుకెందుకు పోవడం?” అంటే నాకు ఒళ్లు మండుతుంది.

నేను వెళ్లిన నెలకే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఖాతాకూ ఒక ఫోను నంబరు జతచేయాలి. ఇక మీదట డబ్బు పడినా, తీసినా కబురు ఫోనుకే వెళుతుంది. ఏటీఎం కార్డు నంబరు కొట్టి ఫోను ద్వారా డబ్బు పంపాలంటే అడిగే రహస్య సంఖ్య, ఓటీపీ, అదీ అక్కడికే వస్తుంది. ఉత్తర్వు రాసిన దొరలకు తెలియనిది ఒక్కటే. మా ఊళ్లలో ఇంటికొక ఫోను, అది మొగుడి జేబులో. పైగా టవరు అందేది బ్యాంకు ఎదుట సింహాచలం టీ దుకాణం దగ్గర మాత్రమే. దాంతో ఆడవాళ్లంతా ఆలోచించి, నమ్మకస్తుడని సింహాచలం నంబరే రాయించేశారు. ఒకే నంబరు అన్నిసార్లు వస్తోందేమిటని నేనంటే మా కుర్ర మేనేజరు, “పని పూర్తవుతోంది కదండీ” అన్నాడు.

సింహాచలం నిజంగానే నమ్మకస్తుడు. ఒక్క కబురూ దాచుకోలేదు. సంతరోజు ఫోను మోగితే చాలు, రైలు స్టేషన్లో ప్రకటనలా అరిచి చెప్పేవాడు.

పారమ్మ మా శాఖలో పాత ఖాతాదారు. చోళ్లు, అంటే రాగులు, బియ్యం ఆడించే పిండి మర ఒకటి తన పేరున పెట్టుకోవాలని, చింతపండు అమ్మిన డబ్బు మొగుడికి తెలియకుండా వేసుకుంటోంది. బ్యాంకులో చేరిన రోజునే మా చేత ఒక కాగితం మీద సంతకం చేయిస్తారు. ఒకరి ఖాతా సంగతి మరొకరికి, కట్టుకున్నవాడికైనా, చెప్పకూడదని. ఆమె నిలవ అడిగితే నేను కిటికీ కన్నం దగ్గరికి వంగి చెవిలో చెప్పేవాణ్ణి. ఒక సంతరోజు ఆమె డబ్బు కట్టి వీధిలోకి దిగిందో లేదో, అవతల నుంచి సింహాచలం కేక వినిపించింది.

“ఓలమ్మీ పారమ్మా! నీ డబ్బులు పడ్డాయి! మొత్తం ఎంతయిందో సెప్పమంటావేటి?”

చెప్పేశాడు కూడా. అక్కడే టీ తాగుతున్న ఆమె మొగుడు అప్పలనాయుడు గ్లాసు దించి, పెళ్లాన్ని వెంటేసుకుని తిన్నగా నా కిటికీ దగ్గరికి వచ్చాడు. అతనికి ఎప్పటినుంచో మోటారు సైకిలు మీద మనసు.

“బాబూ, దీని డబ్బులు తియ్యి.”

“ఖాతా ఆమెది. నువ్వెవరో బ్యాంకుకి తెలీదు,” అన్నాను.

“నాను తెలీదా? నా పెళ్లికొచ్చి మూడు మాట్లు పులుసు పోయించుకున్నావు గదా!”

“పులుసు తిన్నది నేను. బ్యాంకు కాదు.”

వరసలో ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. అప్పలనాయుడికి రోషం వచ్చింది. “సరే, నీ కిటికీ నీ దగ్గరే ఉంచుకో. ఇంటికాడ దీని కార్డుంది, ఎదర సింహాచలం బావ ఫోనుంది. పొద్దుగూకేలోగా బండి తెస్తాను,” అని సైకిలెక్కేశాడు.

పారమ్మ కిటికీ ఊచలు పట్టుకుంది. “బాబూ, ఏటి సెయ్యాల? అన్నీ ఊడ్సుకు పోతాడు.”

మేనేజరు నంబరు మార్చేద్దామన్నాడు. “ఏ నంబరు వేద్దామండీ? ఆమెకు ఫోనే లేదు,” అన్నాను. డబ్బు చేతికిస్తే దారిలో లాక్కుంటాడు. నేను ఆమెను రాయగడలో మర అమ్మే కొట్టు పేరు అడిగి, ఆ పేరున బ్యాంకర్స్ చెక్కు రాయించాను. అంటే ఖాతాలోంచి డబ్బు ముందే తీసి, బ్యాంకే తన పూచీ మీద ఇచ్చే చెక్కు. అది ఆ రాయగడ కొట్టువాడికి తప్ప ఎవరికీ పనికిరాదు. ఆమె వేలిముద్ర వేసింది, మేనేజరు నవ్వుతూ ఆమోదించాడు.

అప్పలనాయుడు కార్డుతో వచ్చి టీ బల్ల మీద కూర్చునేసరికి సింహాచలం ఫోను మళ్లీ మోగింది.

“బావా, డబ్బులెళ్లిపోనాయి!”

“ఎక్కడికి రా?”

“అది సెప్పట్లేదు. నువ్వు టీ డబ్బులిచ్చి ఎళ్లు.”

మర వచ్చింది. దాని బెల్టు తిప్పే నేర్పు ఊళ్లో అప్పలనాయుడికే ఉందని తరువాత తేలింది. తల నుంచి పాదాల దాకా పిండి పూసుకుని, పెళ్లాం చెప్పిన రేటుకు ఆడించేవాడు.

ఫోను బ్యాంకింగు చెడ్డదని నేననను. నా కరెంటు బిల్లు నేనూ ఫోనులోనే కడతాను. అయితే యంత్రానికి నంబరు తెలుస్తుంది గాని, ఆ నంబరు ఏ చేతిలో ఉందో తెలియదు. ఆ సంగతి పైవాళ్లకు రాశాను, జవాబు రాలేదు. రిటైరయ్యే దాకా మాత్రం, ఏ ఆడమనిషి నంబరు చెప్పినా, కాగితం మీద రాసుకునే ముందు ఒక ప్రశ్న వేసేవాణ్ణి: “అమ్మీ, ఈ ఫోను రాత్రి ఎవరి తలగడ కింద ఉంటుంది?”