ఆడి నెలలో కొన్న టీవీ

మా అన్న చెన్నియప్పన్ ముప్పై ఒక్క ఏళ్లు జనానికి సినిమాలు చూపించాడు. తను మాత్రం ఒక్కటి కూడా కుదురుగా కూర్చుని చూడలేదు.

కోయంబత్తూరులో ఒండిపుదూరు దాటాక, మిల్లు కార్మికుల ఇళ్ల మధ్య ఉండేది ఆ టాకీసు. అన్న అందులో ఆపరేటరు. పై గదిలో రెండు యంత్రాలు, ఒక స్టూలు, గోడకు అరచేతి వెడల్పు అద్దపు కంత. ఆ కంతలోంచి కనిపించినంతే అతని సినిమా. అదైనా తెరంతా చూసేవాడు కాదు. రీలు అయిపోయే ముందు తెర కుడి పైమూలలో చిన్న చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో యంత్రం నడిపించాలి. చుక్క తప్పితే తెర తెల్లబడుతుంది, కింద నుంచి ఈలలు, బూతులు. అందుకని హాలంతా ఏడుస్తున్నా మా అన్న కళ్లు ఆ మూలనే ఉండేవి. వినడానికి గోడకు ఒక డొక్కు స్పీకరు. దాని మాటల్ని కూడా యంత్రాల టకటక మింగేసేది.

"హీరోయిన్ చచ్చిపోయిందని, ఆడవాళ్లు ముక్కు చీదుకుంటూ బయటికొచ్చాకే నాకు తెలిసేది అమ్మిణీ" అనేవాడు. చిన్నపిల్లని పిలిచినట్టు, నాకు యాభై దాటినా అతనికి నేను అమ్మిణినే.

సెలవు రోజున వేరే టాకీసుకు వెళ్లి చూడొచ్చు కదా అంటే, వెళ్లేవాడు. పావుగంటలో లేచేవాడు. బొమ్మ మసగ్గా ఉందనో, వెలుగు తగ్గిందనో మెట్లెక్కి పై గదికి పోయేవాడు. అక్కడి ఆపరేటరుతో టీ తాగుతూ, ఆ కంతలోంచే మిగతా సినిమా చూసొచ్చేవాడు.

ఆ టాకీసు పడగొట్టి కల్యాణమండపం కట్టాక అన్న ఇంటికే పరిమితమయ్యాడు. ఇంట్లో మేమిద్దరమే. వదిన పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. నేను పెళ్లయిన రెండేళ్లకే పెట్టె పట్టుకుని తిరిగొచ్చేశాను. అప్పుడు అన్న గుమ్మంలో నిలబడి, "తిన్నావా?" అన్నాడు. అంతకు మించి ఆ సంగతి ఎన్నడూ అడగలేదు. నేను బ్రాంచి లైబ్రరీలో ఉద్యోగం చేసుకుంటూ అతని దగ్గరే ఉండిపోయాను.

అరవై మూడో ఏట, చిత్తిరై ఎండల్లో అతనికి ఆయాసం మొదలైంది. గుండె బలం తగ్గిందన్నాడు డాక్టరు. మెట్లెక్కొద్దు, జనంలో తిరగొద్దు, ఉప్పు తగ్గించు, మందులు మానకు అన్నాడు. ఎంత కాలమని మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు. బస్సులో వస్తూ అన్న కిటికీ బయటికి చూస్తూ అన్నాడు: "ఒక్క సినిమా కూర్చుని చూడాలి అమ్మిణీ. ముందు నుంచీ, వెనక నుంచీ వినపడుతూ. ఇంట్లోనే పెట్టించుకుందాం."

అప్పటి నుంచి టీవీ ఎంచడమే అతని పని. రెండు నెలలు పట్టింది. గాంధీపురంలోని ఒక పెద్ద షాపుకు నేనూ వెళ్లాను. గోడ నిండా టీవీలు, అన్నింట్లో ఒకే చిలక ఎగురుతోంది. టై కట్టుకున్న సేల్స్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఇది చూడండి సార్, రంగులు ఎలా కొడుతున్నాయో!"

"కొడుతున్నాయి తమ్ముడూ, కళ్ల మీదే కొడుతున్నాయి. లైట్లు ఆర్పుతావా కాస్త?"

"షాపులో లైట్లు ఆర్పడమేంటి సార్?"

"మరి నువ్వు సినిమా ట్యూబులైటు కింద చూస్తావా?"

అన్న భుజం మీది తువ్వాలు తీసి, తన తలా టీవీ అంచూ కలిపి కప్పుకున్నాడు. షాపులో జనం చుట్టూ మూగారు. నాకు సిగ్గేసి ఫ్రిజ్‌ల వైపు తిరిగాను. లోపలి నుంచి గొంతు వినపడింది: "ఇందులో రాత్రి రావట్లేదయ్యా. బూడిద పోసినట్టుంది."

అలా ఏడెనిమిది టీవీలకు తువ్వాలు కప్పాడు. చివరికి మూలనున్న లావుపాటిది ఒకటి చూపించమన్నాడు.

"అది ప్లాస్మా సార్. కరెంటు ఎక్కువ తాగుతుంది. ఇప్పుడు అందరూ ఎల్‌ఈడీలే. దాన్నెవరూ అడగట్లేదు."

"నన్నూ ఎవరూ అడగట్లేదు. అదే చూపించు."

ఆ టీవీ ముందు తువ్వాలు కింద చాలాసేపు ఉన్నాడు. బయటికొచ్చాక నాతో మెల్లగా, "నల్లగా ఉంది అమ్మిణీ, రాత్రంటే రాత్రిలాగే ఉంది" అన్నాడు. సేల్స్‌మన్ యాభై అంగుళాలది తీసుకోమన్నాడు, నేను చిన్నది చాలన్నాను. అన్న జేబులోంచి చీటీ తీశాడు. గోడ నుంచి కుర్చీకి తొమ్మిదడుగులు. పెద్దదైతే మొదటి బెంచీలో కూర్చున్నట్టు మెడ నొప్పి, చిన్నదైతే మళ్లీ కంతలోంచి చూసినట్టే అన్నాడు. నలభై రెండు అంగుళాలకు ఖాయం చేశాడు.

స్పీకర్లు మాత్రం కంపెనీవి వద్దన్నాడు. ఉక్కడంలో జబరుల్లా అని, చెక్కపెట్టెలు కొట్టి, సర్క్యూట్ బోర్డులు అతికించి, ఇళ్లకు హోమ్ థియేటర్లు చేసిచ్చేవాడు ఉన్నాడు. ఒకప్పుడు అన్న దగ్గర రీళ్లు చుట్టడం నేర్చుకున్నవాడే.

"ఊఫరు పన్నెండు అంగుళాలది వేద్దాం అన్నా. కొడితే వీధి చివర పాలాయన గేదె లేవాలి!"

"గేదె లేస్తే నాకేంట్రా లాభం? నా వెనకాల ఆకు రాలితే వినపడాలి. గుసగుసలాడితే మాట తెలియాలి. అది చెయ్యి. ట్రాన్స్‌ఫార్మర్‌లో అల్యూమినియం తీగ చుట్టి రాగి అన్నావో, చూసుకో మరి."

"నీతో పెట్టుకుంటానా అన్నా? అల్లా అయినా క్షమిస్తాడు గానీ నువ్వు క్షమించవు."

ఆడి నెల మూడో రోజున టీవీ ఇంటికొచ్చింది. మర్నాడే జబరుల్లా ఆరు స్పీకరు పెట్టెల్నీ యాంప్లిఫయర్నీ ఆటోలో తెచ్చాడు. ఆడిలో తగ్గింపులు ఎక్కువ కాబట్టి మా వీధిలో ఎవరేం కొన్నా ఆ నెలలోనే కొంటారు. కానీ ఆడిలో, ఆషాఢంలో లాగే, కొత్తది ఏదీ మొదలుపెట్టరు. కట్టు విప్పకుండా ఉంచి, తర్వాతి నెల ఆవణి ఒకటిన దీపం వెలిగించి వాడకం మొదలుపెడతారు. ఎదురింటి స్వర్ణక్క గ్రైండరు అప్పటికే వాళ్ల వరండాలో పెట్టెలోనే ఉంది.

జబరుల్లా డ్రిల్లు తీశాడు. "గంట పని అక్కా, బిగించేస్తాను."

"ఇప్పుడు కాదు. ఆవణి ఒకటిన రా."

"ఆపరేటరన్నా, మీ చెల్లెలు సెన్సారు వాళ్ల కంటే గట్టిగా ఉంది!"

అన్న నవ్వలేదు, నా వైపు చూశాడు. నా పెళ్లి ఆడి నెలలోనే మాట్లాడారు. పెళ్లికొడుకు తరఫు వాళ్లు తొందరపెట్టారు, అమ్మ వద్దంది, నెలకేముంది అని అన్నే ఒప్పేసుకున్నాడు. ఆ సంగతి మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ మాటల్లోకి రాలేదు. ఆ రోజూ రాలేదు. కానీ అతని గుండె అలా ఉన్నప్పుడు, ఆడిలో మొదలుపెట్టిన ఏ వస్తువూ అతని చేతికి తగలకూడదని నా భయం.

"సరే అమ్మిణీ. ఇన్నేళ్లు ఆగినవాణ్ణి, ఈ నాలుగు వారాలు ఆగలేనా?"

"నేను లేనప్పుడు విప్పనని మాటివ్వు."

"ఇచ్చాను తల్లీ."

ఆ నాలుగు వారాలూ అతను ఊరికే కూర్చోలేదు. టేపుతో గోడలు కొలిచాడు. స్పీకర్లు ఎక్కడ రావాలో పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి, ప్రతిధ్వని వస్తోందని కిటికీకి అమ్మ పాత చీర వేలాడదీశాడు. కుర్చీని ముందుకీ వెనక్కీ జరిపి, కాళ్ల చుట్టూ సుద్దతో గీశాడు. ఆ తర్వాత ఆ కుర్చీలో, ఎదురుగా అట్టపెట్టె పెట్టుకుని కూర్చునేవాడు.

స్వర్ణక్క గుమ్మంలోంచి ఆటపట్టించేది. "ఏంటి ఆపరేటరన్నా, అట్టపెట్టె మీద ఏం సినిమా ఆడుతోంది?"

"ఇంకా పేర్లే పడుతున్నాయి స్వర్ణం. సరైన సమయానికే వచ్చావు, కూర్చో."

మూడో వారానికి పాదాలు వాచాయి. డాక్టరు మందు మార్చాడు. ఆ సాయంత్రం నేను పప్పన్నం కలిపి కంచం చేతికిస్తుంటే అన్న మామూలుగానే అడిగాడు: "అమ్మిణీ, టీవీ వద్దులే. ఒక్క స్పీకరు, ఒక్కటే తీసి రేడియోకి తగిలించి వింటే ఆడికి తెలుస్తుందంటావా?"

"ఇన్ని రోజులు ఆగి ఇప్పుడా? మాటంటే లెక్కలేదా నీకు?" అన్నాను.

నేను కొంచెం గట్టిగానే అన్నాను. అన్న నవ్వి, కంచంలోకి చూస్తూ, "సెన్సారు" అన్నాడు. మళ్లీ అడగలేదు.

ఆవణికి ఐదు రోజులుందనగా, పొద్దున పదకొండు గంటలకు లైబ్రరీకి స్వర్ణక్క ఫోను చేసింది. నేను వెళ్లేసరికి అన్న ఆ కుర్చీలోనే ఉన్నాడు. స్వర్ణక్క అతని తల పడిపోకుండా చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్లాం. తీసుకెళ్లక్కర్లేదని మా ఇద్దరికీ తెలుసు.

పదహారో రోజు కర్మ అయి చుట్టాలంతా వెళ్లిపోయారు. ఇల్లు ఊడ్చి, ఆ పెట్టె ముందు కూర్చున్నాను. అప్పుడు నాకొక ఆశ పుట్టింది. నేను తొమ్మిదిన్నరకు వెళ్లి ఆరింటికి వచ్చేదాన్ని. పగలంతా అతనూ ఆ పెట్టే. జీవితమంతా డబ్బాల మూతలు ఊడదీసి రీళ్లు తీసినవాడు. చూసే ఉంటాడు. నాకు తెలియకుండా విప్పి, చూసి, మళ్లీ అంటించేసి ఉంటాడు. మాట తప్పి ఉండాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

కళ్లద్దాలు పెట్టుకుని పెట్టె నాలుగు వైపులా చూశాను. షాపు వాళ్ల గోధుమరంగు టేపు. అంచు కూడా లేవలేదు. మోకాళ్ల మీద కూర్చుని, పెట్టె వాల్చి, అడుగు చూశాను. స్పీకరు పెట్టెలకు జబరుల్లా కట్టిన పురికొస ముడులు ముడుల్లాగే ఉన్నాయి.

జబరుల్లా వచ్చినప్పుడు అడిగాను. "మీ షాపులోనైనా విన్నాడా?"

అతను నా మొహం వైపు కాసేపు చూశాడు. అబద్ధం చెప్పి ఉంటే నమ్మేదాన్ని.

"పిలిచాను అక్కా. ఇంటికి పంపే ముందే వచ్చి ఒకసారి విను అన్నాను. అక్కడ వినేస్తే ఇంకేముంది, అమ్మిణితో కలిసి మొదటిసారి వింటానన్నాడు."

దాని తర్వాత రెండు నెలలు ఆ పెట్టెలు తాకలేదు. కరెంటు పెట్టకుండా ఉంచితే లోపలివి పాడవుతాయని జబరుల్లా పోరి, ఐప్పసి నెలలో వచ్చి విప్పాడు. పెన్సిలు గుర్తుల్లోనే మేకులు దిగాయి. అన్నీ సరిపోయాయి, ఒక్క అంగుళం అటూ ఇటూ కాలేదు. మధ్యాహ్నానికి పనైపోయింది. అతను చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"అన్న మొదట ఏ సినిమా చూడాలనుకున్నాడక్కా? అదే పెడదాం."

నాకు తెలియదు. రెండు నెలలు టీవీ గురించి, నలుపు గురించి, రాగి తీగ గురించి మాట్లాడుకున్నాం. అన్నం తింటూ పోట్లాడుకున్నాం. ఏ సినిమా అని నేను అడగలేదు. అతనికి సమాధానం ఉండే ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్లు అనుకుంటూనే ఉండి ఉంటాడు.

అల్మారా వెతికాం. అతని చొక్కా జేబులు చూశాం. కొలతల చీటీ వెనక కూడా చూశాం.

"ఏదో ఒకటి పెట్టు జబరుల్లా" అన్నాను.

అతను తన సంచీలోంచి ఒక డిస్కు తీసి పెట్టాడు. ఏదో కొత్త సినిమా. అన్న కుర్చీలో కూర్చోమన్నాడు. కూర్చోలేక పక్కన నేల మీద కూర్చున్నాను. జబరుల్లా వెళ్లిపోయాక కూడా అది చివరిదాకా ఆడింది. చివరిదాకా చూశాను. కథేమిటని అడిగితే చెప్పలేను.