చిలపనూలు వారి అభినందనలు

1997 జూన్‌లో నన్ను విజయవాడ నుంచి ఉయ్యూరు అవతల ఒక నేత ఊరికి తంతి మాస్టరుగా బదిలీ చేశారు. మాస్టరు అన్నది హోదాయే తప్ప నా కింద ఎవరూ లేరు. ఆజ్ఞలిచ్చేదీ నేనే, వాటిని పెడచెవిన పెట్టేదీ నేనే. జనం రాసిచ్చిన తంతిని, అదే టెలిగ్రామును, ఫోన్లో విజయవాడ పెద్దాఫీసుకు అక్షరం అక్షరం చదివితే, అక్కణ్ణుంచి అది దేశం మీదికి వెళ్ళేది.

చేరిన రెండో వారం, బుధవారం పొద్దున్నే, చేనేత సంఘం అధ్యక్షులు కోటేశ్వరరావు గారు పదిమందిని వెంటబెట్టుకుని వచ్చారు. మిల్లులు తీసే నూలులో కొంత భాగం చిలపలుగా, అంటే నూలు చుట్టలుగా, చేతిమగ్గాలకు వదలాలన్నది నిబంధన. దాన్ని సడలించాలని ఢిల్లీలో ప్రతిపాదన. చిలపలు రాకపోతే ఊళ్ళో మగ్గాలు మూలపడ్డట్టే. శుక్రవారం ఎంపీల కమిటీ కూర్చుంటుంది. అందులో సభ్యుడైన మా ఎంపీ గారు ఇంకా ఎటూ తేల్చలేదు. ఉత్తరం రాస్తే అందే వ్యవధి లేదు. అందుకే ఆయనకు ఇంటికొక తంతి కొట్టాలని వచ్చారు.

తంతికి మాటల లెక్కన రుసుము. "చిలప నూలు తగ్గించవద్దు" అని మూడు మాటల్లో ఇమ్మన్నాను.

"అంత పెద్దాయన్ని పట్టుకుని వద్దూ గిద్దూ అంటే బాగుంటదాండీ?" అన్నారు కోటేశ్వరరావు గారు. "గారు పెట్టండి. దయచేసి పెట్టండి. కింద నమస్కారాలు పెట్టండి."

మర్యాదలన్నీ చేరేసరికి తంతి అరవై మాటలైంది. విషయం మాత్రం ఆ మూడు మాటలే. ఆ ఖర్చుతో ఇంటికొకటి పంపడం ఎవరి తరమూ కాదు.

నలభై ఏళ్ళుగా మగ్గం మీదున్న మంగమ్మ గారు, గోడమీది పట్టిక ఏమిటని అడిగారు. అది శుభాకాంక్షల పట్టిక. పెళ్ళికి, పండక్కి, పరీక్షకి తయారు వాక్యాలుంటాయి. నంబరు చెబితే చాలు, వాక్యం ఎంత పొడుగైనా ఒక్క మాట కిందే లెక్క. అవతల పూల కాగితం మీద అందుతుంది.

"అందులో నూలు సంగతి లేదమ్మా."

"చదవండి మాస్టారూ, వింటాం."

'మీ ప్రయాణం సుఖంగా సాగుగాక' అన్నది కోటేశ్వరరావు గారికి నచ్చింది. "ఇంటికి పొమ్మన్నట్టుంటదండీ" అని మంగమ్మ గారు కొట్టేశారు. 'ఎన్నికల్లో గెలుపొందినందుకు హార్దికాభినందనలు' దగ్గర అందరూ తలలూపారు.

"ఆయన గెలిచి ఏడాది దాటిందండీ" అన్నాను.

"గెలిపించింది మేవేగా. గుర్తుచేస్తే కోపమొచ్చిద్దా?" అన్నారావిడ. అసలు విషయానికీ ఆవిడే దారి చూపారు. "మా పేర్ల ముందు చిలపనూలు అని కలిపి రాసుకోండి. ఇంటిపేరనుకుంటారు."

నిబంధనల పుస్తకం తిరగేశాను. పంపేవారి ఇంటిపేరు నిజమో కాదో విచారించే అధికారం నాకెక్కడా కనబడలేదు. నాకు లేని అధికారాల జాబితా చూసి సంతోషించడం అదే మొదటిసారి. చిలపనూలు మంగమ్మ, చిలపనూలు కోటేశ్వరరావు అంటూ సాయంత్రం దాకా గొంతు పోయేలా చదివాను.

"ఏం మాస్టారూ, ఆ ఇంట్లో పెళ్ళా?" అన్నాడు అవతలి ఆపరేటరు.

"ఎన్నికలు" అన్నాను.

గురువారం మధ్యాహ్నం ఢిల్లీ నుంచి ఎంపీ గారి పీఏ ఫోన్ చేశాడు. "ఎలక్షన్లు గానీ వచ్చాయా? మాకు తెలీకుండా ప్రభుత్వం పడిపోయిందా?" ఆ రోజుల్లో అది మరీ వెర్రి ప్రశ్నేం కాదు.

"లేదండీ."

"మరి ఈ చిలపనూలు వారెవరు? ఇంత పెద్ద కుటుంబం మా లిస్టులో లేదే! ఎన్ని ఓట్లుంటాయి?"

"ఊళ్ళో ముప్పాతిక మంది వారేనండీ."

"ఏం కావాలంట?"

ప్రభుత్వోద్యోగిని, ఎవరి తరఫునా మాట్లాడకూడదు. "వారి ఇంటిపేరేనండీ" అన్నాను.

పీఏ పక్కకు తిరిగి ఆ పేరు పైకి చదివాడు. తర్వాత వెనకనుంచి ఎంపీ గారి గొంతు: "అది ఇంటిపేరు కాదయ్యా బాబూ, నూలు! ఆ రేపటి కాగితాలు ఇలా తే!"

శుక్రవారం ఆయన వ్యతిరేకించారు. మరో ఇద్దరు ఆయనతో గొంతు కలిపారట. ప్రతిపాదన ఆ విడతకు పక్కకు పోయింది. నాకు మాత్రం మెమో వచ్చింది: ఎన్నికలు లేని కాలంలో ఎన్నికల అభినందనలు ఎలా స్వీకరించితిరి? అభినందనకు గడువు ఉన్నట్టు నిబంధనల్లో లేదని జవాబు రాశాను.

ఆ ఊళ్ళో నేను నేర్చుకున్నది ఇంతే. అర్జీలో ఏం రాశారన్నది ప్రజాప్రతినిధి తీరిక దొరికితే చూస్తాడు. ఎవరు, ఎంతమంది రాశారన్నది అప్పటికప్పుడే చూస్తాడు. అందుచేత విషయాన్ని సంతకంలోనే పెట్టాలి.