ఖాళీ ఊరికి కాపు

మొన్న మా మనవరాలు కాలేజీకి రాసిన వ్యాసం నాకు చదివి వినిపించింది. రాబోయే చెడ్డకాలాల మీద ఎవరో అల్లిన కథలట. వాటిలో జనం తమ క్షేమం కోసం ఒక మనిషిని బలిస్తారు, ఎందుకని ఎవరూ అడగరు. ఒక కథలో భయపడి అడగరు, ఇంకో కథలో అలవాటుపడి అడగరు. ఏది ఎక్కువ ఘోరమో తేల్చాలట. "గిట్ల నిజంగ యాడన్న అయితదా అవ్వా?" అంది. నాకు పళ్ళు లేవు గాని జ్ఞాపకాలకు కొదవ లేదు.

నిజాం కాలంలో, బిజినేపల్లి దగ్గర మా ఊళ్ళో, గత్తర రాకూడదని ఏటా ఎండాకాలంలో ఒక పగలు ఊరంతా ఖాళీ చేసేవాళ్ళం. కలరాను అలా పిలిచేవాళ్ళు. పొయ్యిలు ఆర్పి, తలుపులు బార్లా తెరిచి, పశువులతో, కోళ్ళతో, ఆఖరికి కుక్కలతో సహా పొలాలకు పోవాలి. ఆ పగలు గత్తరమ్మ ఇల్లిల్లూ తిరిగి చూసుకుని వెళ్ళిపోతుందట. అయితే ఉత్త ఊరు కనబడితే ఆమెకు కోపం. అందుకని ఊరి నడుమ పాతి మొక్కే బొడ్రాయి దగ్గర దీపం పెట్టుకుని ఒక ఆడమనిషి కూర్చోవాలి. కావాలనుకుంటే గత్తరమ్మ ఆ మనిషిని తీసుకుని ఊరిని వదిలేస్తుంది. మాపటికి తిరిగొచ్చి ఆ దీపంతోనే అందరం పొయ్యిలు ముట్టించేవాళ్ళం. పిల్లలకు మాత్రం అది పండగే. చెట్లకింద ఉడుకుడుకు బువ్వ, పచ్చిపులుసు, ఎడ్లపగ్గాలతో కట్టిన ఉయ్యాల. కూర్చునే మనిషి ఎప్పుడూ కూలివాళ్ళ ఇళ్ళనుంచే వచ్చేదన్న సంగతి మాకు పట్టేది కాదు.

ఒక ఏడు ఆ వంతు మా చేలో కలుపు తీసే బాలింతకు వచ్చింది. మా బండి ఊరు దాటుతుంటే ఆమె చంటిపిల్ల ఏడుపు వినబడింది. మా నాయనమ్మ బండి ఆపించింది.

"ఎందుకురా ఆమెనే?" అని మా పెదనాయనను అడిగింది.

ఆయన తల గోక్కున్నాడు. "ఏం జెప్తనమ్మా. ఎప్పటిసంది గిట్లనే ఉన్నది."

నాయనమ్మ దిగి వెనక్కి నడిచింది. తల్లీబిడ్డలను మా బండి దగ్గరికి పంపి, తానే దీపం ముందు కూర్చుంది. ఆ పూట నేను ఉయ్యాల ఎక్కలేదు. పొద్దుగూకి వచ్చేసరికి ఆమె క్షేమంగానే ఉంది. కాకపోతే, బొడ్రాయికి ఎదురుగా ఖాళీగా ఉన్న మా ఇంట్లో ఎవరో కుండలో చెంబు ముంచుకుని తాగిన చప్పుడు విన్నానంది. వెళ్ళి చూస్తే చెంబు తడిగా ఉంది.

ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్ళను గత్తర ఊడ్చేసింది. మా ఊరిని తాకలేదు. మా కొంప ముంచింది అదే. మరుసటేడు కూలివాళ్ళ ఇళ్ళవైపు ఎవరూ చూడలేదు, అందరూ మా ఇంటివైపే చూశారు. అందరికంటే ముందు నాయనమ్మే అంది: "తల్లి మన ఇంటికి మరిగింది. ఇంక మనోళ్ళే కూసోవాలె." మోకాళ్ళు పట్టేసేదాకా తనే కూర్చుంది. అప్పటికి మా అమ్మ నిండు చూలాలు. నాయనమ్మ నావైపు తిరిగింది.

"నువ్వు కూసో బిడ్డా."

"ఎందుకు నాయనమ్మా?"

బండి దిగి వెనక్కి నడిచిన మనిషి నా తల నిమిరి, "ఎప్పటిసంది గిట్లనే ఉన్నది గద," అంది.

కూర్చున్నాను. తెరిచిన తలుపులన్నీ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. మధ్యాహ్నం చెంబు చప్పుడు నాకూ వినిపించింది. లేచి చూసే ధైర్యం లేకపోయింది.

మనవరాలు కలం మూసి, ఏది ఘోరమని రాయాలో చెప్పమంది. నాకు తెలియదన్నాను. నాకు తెలిసిందల్లా ఒకటే. నాయనమ్మ నాతో అన్న ఆ 'ఎప్పటిసంది' వయసు మూడు నాలుగేళ్ళు. అది పుట్టినప్పుడు నేను బండిలోనే ఉన్నాను.