ఎల్లం మార్చిన మొదటి ఆయిల్

"ఎవడో మెకానిక్ అంట. పేరు లేదు, ఊరు లేదు. నేను కన్న బిడ్డ నాకు పెట్టిన పేరు అది. విన్నవా శ్రీకాంతూ?"

బయటికి బయలుదేరిన శ్రీకాంత్ బైకు తాళంచెవి జేబులో వేసుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాడు. మెదక్‌లో ఈ ఇంటి పై వాటా కిరాయికి తీసుకున్ననాటి నుంచి కింది వాటాలో ఉండే ఎల్లం కోపం వినడం అతనికి అలవాటైంది. నిజం చెప్పాలంటే ఇష్టం కూడా. మామూలప్పుడు ఆ మనిషి బీడీ కాల్చుకుంటూ రోడ్డు చూస్తాడు. కోపం వస్తేనే నోరు విప్పుతాడు, విప్పితే తన బతుకంతా అందులోంచి వస్తుంది.

"ఎవరన్నరు కాకా అట్ల?"

"ఇంకెవరు, మమత. కొత్త కారును పొద్దుగాల షోరూంల ఫ్రీ చెకప్‌కు తీస్కపోయింది. వాళ్లు చూసి, ఇది కంపెనీ ఆయిల్ కాదు, ఎవరు మార్చిండ్రు అని అడిగిండ్రంట. రామాయంపేట రోడ్డు మీద ఎవడో మెకానిక్ అన్నదంట. వాళ్లమ్మకు ఫోన్ జేసి చెప్పింది. నేను జేస్తే కట్ చేస్తుంది."

గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న అతని భార్య ఐలమ్మ తల ఎత్తలేదు. "మరేమనాలె? మా నాయిన నేను నిద్రపోంగ దొంగతనంగ మార్చిండు అనాల్నా?"

"నువ్వు నడుమల రాకు."

"నేను రాలే. నీ మీసం మీద ఇంక ఆయిల్ మరక ఉన్నది, ముందు దాన్ని కడుక్కో."

ఎల్లం చేత్తో మీసం తుడుచుకున్నాడు, మరక లేదు. దానికీ కోపం వచ్చింది.

మమత రేగోడ్‌లో నర్సు. బస్సు దిగి బస్సు ఎక్కి, చీకటి పడ్డాక ఇల్లు చేరి విసిగిపోయి ఈమధ్యే కారు కొన్నది. కారు వాకిట్లోకి వచ్చిన రోజే ఎల్లం అడిగిన మొదటి మాట, దీని మొదటి ఆయిల్ ఎప్పుడు తియ్యాలె అని. మమత కారుతో వచ్చిన పుస్తకం తెరిచి చదివి వినిపించింది. ఏడాది గానీ, పదివేల కిలోమీటర్లు గానీ, ఏది ముందు నిండితే అప్పుడు. ఈలోపల ముట్టుకోవద్దు నాయినా, ముట్టుకుంటే వారంటీకి లొల్లి అవుతుంది అని కూడా చెప్పింది. ఎల్లం నవ్వాడు. ఏడాదిపాటు ఒకటే ఆయిల్ మీద నడిచే బండిని అతను చూడలేదు. నెల తిరగకముందే ఇంజన్‌లో ఆయిల్ కొలిచే గేజీ కడ్డీ బయటికి లాగి చూశాడు.

"నీళ్లు, శ్రీకాంతూ. మంచినీళ్ల లెక్క కారుతుంది. పైంగ అప్పుడే నల్లబడ్డది. గిట్లాంటి దాని మీద నా బిడ్డను రోజూ రేగోడ్‌కు తోలాల్నా? ఆదివారం మధ్యాహ్నం అది పండుకున్నది. బోల్టు విప్పిన, కింద డబ్బా పెట్టిన, తీసిన. ట్రాక్టర్లకు పోసేది ఇంట్ల ఉండె, చిక్కగ, తేనె లెక్క. గదే పోసిన."

"అక్క ముందే చెప్పింది కద కాకా, ముట్టుకోవద్దని."

"చెప్పింది. పుస్తకం చూసి చెప్పింది. పొద్దుమీకి చేన్ల నడుమ బండి ఆగితే ఆ పుస్తకం రాసినోడొచ్చి నా బిడ్డను ఇంటికి తోలుకొస్తడా?"

ఎల్లం గొంతు వీధి దాకా పోయింది. ఎదురింటి కిటికీ ఒకటి తెరుచుకుని మళ్లీ మూసుకుంది.

"నీకు ఇంద్రకరణ్ పటేల్ సంగతి చెప్పిన్నా?"

చెప్పాడు, రెండు మూడుసార్లు. శ్రీకాంత్ మాత్రం లేదన్నాడు.

"నేను పడుసోన్ని అప్పుడు. పటేల్ కొత్త ట్రాక్టర్ కొన్నడు, తోలేది నేను. కొత్త ఇంజన్ లోపల ఇనుముకు ఇనుము రాసుకుంటది, ఆ పొడి అంత ఆయిల్ల పడ్తది. కొన్ని రోజులు దున్నంగనే మొదటి ఆయిల్ తీసి పారెయ్యాలె. పటేల్‌ను అడిగిన. కొత్త పెండ్లికొడుకును ఎవడన్న దవాఖానకు తీస్కపోతడారా అని నవ్విండు. కూసున్నోళ్లంత నవ్విండ్రు. రెండో పంటకు నడి మడిల, బురదల, ఇంజన్ పట్టేసింది. అదే కూసున్నోళ్ల ముందట ఏమన్నడో తెల్సా? ఎల్లంగాడు ఆయిల్ మార్చలే అన్నడు. అటెన్క ఊర్ల నాకు స్టీరింగ్ ఇచ్చినోడు లేడు. అందుకే ఊరిడిసి మెదక్ వచ్చిన."

వచ్చాక ఇతరుల ట్రాక్టర్లు ఎన్నో తోలాడు. ఎవరి బండి కొత్తదైనా యజమానిని అడగకుండా మొదటి ఆయిల్ తనే తీసేవాడు. పాడైన రేడియో స్పీకర్‌లోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంచుకునేవాడు. తీసిన ఆయిల్‌లో దాన్ని ముంచి పైకెత్తితే చుట్టూ ఇనుప పొడి గడ్డం మొలిచినట్టు నిలబడేది. దాన్ని తీసుకెళ్లి యజమాని ముక్కు కింద పెట్టేవాడు. ఆ తర్వాత అతన్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు.

"అప్పుడు మార్చలే అని తిట్టిండ్రు. ఇప్పుడు మార్చిన అని తిడుతుండ్రు. ఎల్లం ఏం జెయ్యాలె? చెప్పుండ్రి, ఎవరన్న చెప్పుండ్రి."

ఐలమ్మ చిక్కుడుకాయల ఈనెలు ఒక పక్కకు తోసింది.

శ్రీకాంత్ అడిగాడు. "ఈసారి అయస్కాంతం పెట్టిన్రా కాకా?"

ఎల్లం లేచి గోడవారకు వెళ్లాడు. కారు నిలిపే చోటు పక్కన, కారులోంచి తీసిన ఆయిల్ పైభాగం కోసిన డబ్బాలో ఇంకా అట్లాగే ఉంది. నిక్కరు జేబులోంచి అయస్కాంతం తీసి అందులో ముంచి, తెచ్చి శ్రీకాంత్ ముఖం ముందు పట్టుకున్నాడు. చుక్కలు మెట్టు మీద పడ్డాయి.

"చూడు. ఏమున్నది?"

శ్రీకాంత్ వేలితో తడిమి చూశాడు. వేలికి నూనె తప్ప మరేమీ అంటలేదు.

"ఏం లేదు కాకా."

"కంటికి పెట్టేంత కాటుక గూడ రాలే. నాకు ఆదివారమే తెల్సింది. కానీ అప్పటికే కొత్తది పోసి మూత పెట్టిన."

"అయితే అప్పుడే ఇది మళ్ల పోసెయ్యకపోయిన్రా?"

"తీసింది మళ్ల పోస్తరా? వాంతి చేసుకున్నది ఎవడన్న మళ్ల తాగుతడా?" అని గద్దించాడు. కానీ కూర్చున్నాక గొంతు తగ్గింది. "సోమవారం పొద్దుగాల అది కారు స్టార్ట్ చేసింది. నేను లోపల చాయ్ తాగుతున్న. సప్పుడు మారింది. ముందు పిల్లి లెక్క ఉండె, ఇప్పుడు జలుబు చేసినట్టు గరగరమన్నది. చిక్కటి ఆయిల్ సన్నటి దారులల్ల ఎక్కుతలేదు. విన్న. విని ఊకున్న. అది పోతూ పోతూ చెయ్యి ఊపింది."

ఐలమ్మ ఫోన్ మోగింది. ఎల్లం చెయ్యి చాచాడు, ఆమె ఇవ్వలేదు. విని పెట్టేసి చెప్పింది. "ఏ ఆయిల్ పోసిండ్రో తెలిస్తే అది తీసి, కడిగి, కొత్తది పోస్తరంట. తెల్వకుంటే ఇంజన్ కింద విప్పి చూడాలంట. కారు అక్కడ్నే ఉండాలంట. పిల్ల మళ్ల బస్సుకు పోవాలె."

"చెప్పిందా, మా నాయిన పోసిండని?"

"చెప్పలే. నిన్ను పదిమందిల పలుచన చెయ్యదల్సుకోలే అంటుంది."

ఎల్లం ఒక్క ఉదుటున లేచాడు. "నన్ను కాపాడేదానికి ఇంజన్ విప్పిస్తదా? ఇంద్రకరణ్ పటేల్ ఇంజన్ పోగొట్టి నా పేరు చెప్పిండు. ఇది నా పేరు చెప్పక పోగొడ్తదా?"

లోపలికి వెళ్లి ఖాళీ అయిన ట్రాక్టర్ ఆయిల్ డబ్బా తెచ్చి శ్రీకాంత్ ఒడిలో పెట్టాడు.

"నీ బైకు ఉన్నది కద, జర షోరూంకు పో. ఈ డబ్బా వాళ్లకు చూపియ్యి, మీద రాసింది చదువుకోమను. ఎవడో మెకానిక్ కాదు, ఈ పిల్ల నాయిన ఎల్లం పోసిండని చెప్పు. మమత కండ్లతోని సైగ జేస్తది, ఆగకు. ఫిల్టర్ నేను మార్చలే, దాన్ని గూడ మార్చమను."

"వారంటీ సంగతి అడుగుతరేమో కాకా."

"అడిగితే నన్ను పిలువమను. నేనొచ్చి తిట్లు తింట. పుస్తకంల ఏ ఆయిల్ రాసి ఉన్నదో గదే పొయ్యమను, నీళ్లలెక్క ఉన్నా సరే. ఇంకోటి. ఏడాది ఉన్నది కద అని మమతను కూసోవద్దను. రోజూ రేగోడ్ పోయొస్తది, కిలోమీటర్లే ముందు నిండుతయి. అవి నిండంగనే సర్వీసుకు ఇయ్యమను. నేను చెప్పిన అను."