కుర్మయ్య పక్కటెముకల కింది నీరు

శంషాబాద్ విమానాశ్రయం కంచె పక్కన మిగిలిన రెండెకరాల చెలకకు ఒకటే బోరు, ఇద్దరు అన్నదమ్ములు. ఇక కొట్టుకోక ఏం చేస్తారు! 2011 ఎండాకాలంలో, కరెంటు ఉన్న కాసేపు నీళ్లు ఎవరి వంతన్న మాట మీద అన్న శంకరయ్య పార తిరగేసి తమ్ముడు కుర్మయ్య పక్కటెముకల మీద ఒక్కటిచ్చాడు. కుర్మయ్య అన్న చెవి కొరికి రక్తం ఉమ్మాడు. ఊరు చూసి నవ్వింది.

నెల తిరక్కముందే కుర్మయ్యకు జ్వరం, దగ్గు, నాలుగడుగులేస్తే ఆయాసం. ఊళ్లో కట్లు కట్టే గోపయ్య పక్కటెముకల మీద చెయ్యి వేసి, దెబ్బ లోపలికి దిగి నీరయిందని తేల్చేశాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు ఊరంతా తలూపింది. కుర్మయ్యకు ఆ మాట నరనరాన ఎక్కింది. తాను చచ్చేది ఖాయమైతే అన్నను ముందు పంపాలి. భార్య రుక్మిణమ్మ కాళ్ల మీద పడి, దవాఖానలో పరీక్ష తేలేదాకా గొడ్డలి ముట్టనని ఒట్టు వేయించుకుంది.

దవాఖానలో డాక్టరమ్మ వీపులో సూది దించి సీసాడు పసుపుపచ్చటి నీరు తీసింది. ఏ జబ్బో ఆ నీటిలో తేలలేదు. తర్వాత కొక్కెమున్న లావుపాటి సూదితో, ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరను గిల్లి ముక్కలు తీసింది. వాటిలోనూ ఏమీ దొరకలేదు.

"సూదికి కళ్లుండవు కుర్మయ్యగారూ. జబ్బు లేనిచోట గిల్లి ఉండొచ్చు. ఈసారి పక్కటెముకల మధ్య నుంచి కెమెరా పంపి, కళ్లతో చూసి ముక్క తీస్తాను. సోమవారం రండి" అంది.

కుర్మయ్య చెవికెక్కింది ఒక్కటే, జబ్బు దొరకలేదని. జబ్బు కాకపోతే దెబ్బే! సోమవారం దాకా ఆగమని రుక్మిణమ్మ బస్సులో దారిపొడుగునా బతిమాలింది. ఎవరు వింటారు? అగ్గిమీద గుగ్గిలమై, ఆయాసపడుతూనే చెలకలోకి నడిచి, బోరు దగ్గర వంగి ఉన్న అన్నను భుజం మీద గొడ్డలితో నరికాడు. శంకరయ్య తిరిగి చూశాడు. చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు. రెండో వేటు మెడ మీద పడింది. కాలువలో నీళ్లు ఎర్రబడ్డాయి.

కెమెరా పరీక్ష పోలీసుల కాపలాలో జరిగింది. పొర నిండా సగ్గుబియ్యం చల్లినట్టు పొక్కులు. ముక్క తీసి చూస్తే టీబీ. దెబ్బకూ దీనికీ సంబంధం లేదనీ, ఆర్నెల్లు మాత్రలు మింగితే నయమైపోతుందనీ డాక్టరమ్మ చెప్పింది. బతుకుతాడని తెలిశాక కుర్మయ్య తలను గోడకేసి బాదుకున్నాడు. కానిస్టేబుల్ బేడీ పట్టి వెనక్కి లాగాడు.

మర్నాడు వదిన కౌసల్యమ్మ వచ్చి మంచం దగ్గర నిలబడింది. ఎన్ని తిట్లయినా పడదామని కుర్మయ్య తల వంచుకున్నాడు. దాచడానికి మాత్రం మనసొప్పలేదు.

"అన్న దెబ్బ కాదంట వదినా. టీబీ అంట" అన్నాడు ఏడుస్తూ.

ఆమె తిట్టలేదు.

"నా దెబ్బకే తమ్ముడు సస్తున్నడని మీ అన్న అన్నం సుత ముట్టలే. నువ్వు కొట్టనీకొస్తే చెయ్యెత్తనన్నడు, గట్లనే చేసిండు. ఇగ ఈ ముచ్చట ఆయనకెవరు చెప్పాలె, కుర్మయ్యా?"