పాతిక మీద ముల్లు

మొన్న మా అబ్బాయి కారులో తెనాలి నుంచి బాపట్ల వెళ్తుంటే, వేగం ఎనభై దాటినప్పుడల్లా ఆ కారు కీచుమంటూ హెచ్చరించింది. వాడు పట్టించుకోలేదు. నాకు మాత్రం ఒళ్ళంతా నీరసం కమ్మేసింది. ఈ వయసులో ప్రయాణమే ఒక పెద్ద పని. దానికి తోడు ఎవరైనా బండి వేగం మాట ఎత్తితే మా బాబాయి లారీ గుర్తొస్తుంది. అది గుర్తొచ్చిన రోజు ఎంత అలసిపోయి నడుం వాల్చినా కునుకు పట్టదు.

బాబాయి సైన్యంలో డ్రైవరుగా చేసి వచ్చి, ఎనభైల మొదట్లో మిలట్రీ వాళ్ళు వేలం వేసిన పాత లారీ ఒకటి కొన్నాడు. రేపల్లెలో ఇంటి ముందు అది ఆగితే ఇక ఇల్లు కనిపించేది కాదు. పొడుగాటి ముక్కు, నా భుజాల ఎత్తు చక్రాలు. లోపల కూర్చుంటే పళ్ళు టకటకలాడేవి. నెమ్మదిగా వెళ్ళినా అదే మోత, జోరుగా వెళ్ళినా అదే మోత. రేపల్లె నుంచి తెనాలి మిల్లులకు వడ్ల బస్తాలు తోలేవాడు. గంటకు నలభై కిలోమీటర్లు, అంతకు మించితే ఒప్పుకునేవాడు కాదు. ఎడ్లబళ్ళు తప్ప అన్నీ మమ్మల్ని దాటిపోయేవి. పిన్ని నవ్వితే, "ఇది కొండలెక్కడానికి పుట్టిన బండి. పరిగెత్తిస్తే చస్తది. బ్రేకులు చూస్తే ముసలివైపోయినయ్," అనేవాడు.

తొంభైల్లో ఒక వేసవి మొదట్లో బాబాయికి నడుంనొప్పి పట్టుకుంది. కాకుమాను నుంచి పిన్ని తమ్ముణ్ణి పిలిపించారు. నాకు మావయ్య. అప్పటిదాకా ట్రాక్టరు తోలినవాడు, ఇంకా పెళ్ళి కాలేదు, సొంతంగా నిలదొక్కుకోవడానికి దొరికిన మొదటి ఆధారం అదే. బావంటే ఎంత గౌరవమంటే, ఆయన ముందు కూర్చునేవాడు కాదు. బాబాయి తాళం చేతికిచ్చి, "నలభై దాటనివ్వకు" అని ఒకటే మాట చెప్పాడు. వారం తిరక్కుండానే భట్టిప్రోలు దగ్గర టైరు పేలి, లారీ కాలవలోకి ఒరిగింది. మావయ్య కాలు నలిగిపోయింది.

ఆసుపత్రి మంచం మీద ఆయన చెప్పిందే చెప్పాడు. "నలభై దాటలేదు బావగారూ. మీటరు ముల్లు చూస్తానే ఉన్నానండి."

"దాటకపోతే బండి అంత దూరం ఎట్టా ఈడ్చుకుపోయిందిరా?" అన్నాడు బాబాయి. రోడ్డు మీద టైరు గుర్తులు చూసొచ్చాడు మరి. చివరికి పిన్ని కూడా, తోడబుట్టినవాడని చూడకుండా, "అబద్ధమెందుకురా?" అంది. మావయ్య చేతికర్రతో కాకుమాను వెళ్ళిపోయాడు. అప్పటికి మాటల్లో ఉన్న పెళ్ళి సంబంధమూ తప్పిపోయింది.

వేసవి చివర లారీ బాగై వచ్చింది. బాపట్లలో చదువుకుంటున్న నన్ను హాస్టల్లో దింపడానికి బాబాయే తోలాడు. పిన్ని మా మధ్య కూర్చుంది. చెరుకుపల్లి దాటాక ఉన్నట్టుండి అడిగింది.

"ఏంటండీ, ముల్లు పాతిక మీదే ఉంది? నలభై అంటారుగా?"

"ఇది పాతకాలం మీటరే. మైళ్ళు చూపిస్తది. పాతిక మైళ్ళంటే నలభై కిలోమీటర్లు."

పిన్ని ఆయన వైపు తిరిగింది. "ఆ ముక్క మావాడికి చెప్పారా?"

బాబాయి లారీ పక్కకు తీసి ఆపేశాడు. ఇన్నేళ్ళ అలవాటులో ఆయనకు పాతికా నలభై ఒకటే అయిపోయాయి. ఇంకొకరికి కావన్న సంగతే తట్టలేదు. మావయ్య ముల్లును నలభై మీద నిలిపి, బావ మాట జవదాటకుండా, ఆ ముసలి బండిని అరవైకి పైగా పరిగెత్తించాడు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ దుఃఖం ఆగలేదు.

ఆ రోజు నన్ను దింపకుండానే లారీ కాకుమాను వైపు తిరిగింది. మావయ్య వాకిట్లో మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. మీటరు సంగతంతా చెప్పి, "తప్పు నాదిరా. నువ్వు దాటలేదు," అన్నాడు బాబాయి, నిలబడే. మావయ్య లేవబోయి, లేవలేక కూర్చుండిపోయాడు. "నేను చెప్పాను గదండీ బావగారూ," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, సంతోషమూ లేదు.

తర్వాత రాకపోకలు మామూలయ్యాయి. బాబాయే దగ్గరుండి ఆయన పెళ్ళి చేశాడు. మావయ్య మాత్రం మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు. మేమంతా ఆయన మాట నమ్మకుండా గడిపింది ఒక్క వేసవే. ఆ ఒక్క వేసవీ ఆయనకు ఇప్పటికీ అయిపోలేదనుకుంటాను.