మిరుగు నాటి చేపల కుండ

పొద్దున జనగామ మార్కెట్ నుంచి తెచ్చిన రవ్వ చేప ముక్కలకు పసుపు, రాళ్ల ఉప్పు పట్టించి గిన్నె మీద మూత పెట్టాను. పది నిమిషాల తర్వాత మూత తీసి, ముక్కు దాదాపు ముక్కలకు ఆనేంత వరకూ వంగి చూశాను. ఏ వాసనా లేదు. చేపల కొట్టతను ఎన్నాళ్లు ఐసులో పూడ్చిపెట్టాడో, ఏ మందు నీళ్లలో ముంచి తీశాడో అని అప్పుడే నాకు అనుమానం మొదలైంది. నిజం చెప్పాలంటే, చలికాలంలో పట్టిన జ్వరం, పడిశం తగ్గి మళ్లీ మార్కెట్‌కు పోవడం మొదలుపెట్టినప్పటి నుంచీ నాకు అందరి మీదా అనుమానంగానే ఉంది. కొత్తిమీరకు వాసన లేదు, అల్లానికి లేదు, ఎల్లిపాయలకూ లేదు. మా ఆయనతో అంటే నవ్వుతాడు. ఎరువుల పంటలు తినే వాళ్లకు నవ్వు కాక ఇంకేం వస్తుంది అని ఊరుకుంటాను.

ఈ రోజు మృగశిర కార్తె మొదలు. మా మొగుళ్లపల్లి వైపు దీన్ని మిరుగు అంటారు. రోహిణి ఎండలకు రోళ్లు పగిలిపోయి, బావుల్లో బొక్కెన అడుక్కి తగిలి చప్పుడు చేసే రోజులు అయిపోయి, ఒక సాయంత్రం పడమట మబ్బు లేచి, నాలుగు చినుకులకే దుక్కి నేల కమ్మగా ఊపిరి వదిలితే, మిరుగు వచ్చిందని లెక్క. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందని బాపు ఏటా అనేవాడు, ఏటా కొత్తగా అన్నట్టు మేమంతా నవ్వేవాళ్లం. కాలం మారేటప్పుడు ఒంట్లో వేడి పుట్టాలని ఆ రోజు ఊరంతా చేప తినాల్సిందే. తినని వాళ్లకు ఇంగువను బెల్లంలో చుట్టి గోలీలా మింగించేవాళ్లు. మా ఇంట్లో ఆ గోలీ మింగేదాన్ని నేనొక్కదాన్నే. ఆరేళ్లప్పుడు గొంతులో ముల్లు గుచ్చుకుంటే అవ్వ అన్నం ముద్దల మీద ముద్దలు మింగించి దింపింది. ఆ రోజు నుంచి చేప అంటే నాకు తోలు కప్పుకున్న ముళ్ల కంపే.

అవ్వ అంటే మా నాయనమ్మ. మా ఇంట్లో చేప వంట ఆమె సొత్తు. వంటింట్లోకి నీసు రానిచ్చేది కాదు. పెరట్లో తాటాకుల సాయబాను కింద మూడు రాళ్ల పొయ్యి, దాని మీద నల్లగా మసిబారిన మట్టికుండ, పక్కన బూడిద గంప. ఆ కుండలో చేప తప్ప ఇంకేదీ వండకూడదు, పులుసు ఉడికేటప్పుడు గరిటె పెట్టకూడదు, గుడ్డతో అంచులు పట్టుకుని కుండనే గుండ్రంగా తిప్పాలి. కొనడంలో అయితే ఆమె పోలీసే. చెరువు నుంచి చేపల గంప తెచ్చే కొమురవ్వను గుమ్మం ముందు కూర్చోబెట్టి, ఒక్కో చేప చెంప ఎత్తి లోపలి మొప్పల ఎరుపు చూసి, కన్ను గుంట పడిందా అని చూసి, పొట్ట నొక్కి వేలి గుంత మళ్లీ లేస్తుందో లేదో చూసేది.

“గింత అనుమానమేందవ్వా, ఇప్పుడే మడుగుల పట్టిన చేపలాయె” అని కొమురవ్వ మొత్తుకునేది.

“చేపనూ మొగణ్నీ చూడంగనే నమ్మద్దే” అనేది అవ్వ.

అన్నం, పప్పు, చారు, పచ్చళ్లు, ఒక్కొక్కటిగా మిగతా వంటంతా అప్పటికే మా అమ్మ చేతికి వచ్చేసింది. ఒకనాడు పాలు పొంగి, మాడి, ఇల్లంతా కమురు కంపు కొడుతున్నా పొయ్యి ముందే కూర్చున్న అవ్వ కదలకపోవడం చూసి అమ్మకు అనుమానం వచ్చింది. ముసలామెకు మతి తప్పుతోందని బాపుతో గుసగుసలాడడం నేను విన్నాను. మర్నాడు అమ్మ మెత్తగానే అడిగింది.

“అత్తమ్మా, ఇగ ఆ చేపల కుండ గూడ నాకియ్యుండ్రి. మీరు జర కూసుండుండ్రి.”

“గా కుండ నా పానం పోయినంక తీస్కో” అంది అవ్వ. ఆ కుండ కూడా పోతే ఆ ఇంట్లో తను ఒక మంచం, ఒక కంచం మాత్రమే అని ఆమెకు తెలుసు. నాకది చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అవ్వ నన్ను పిలవడం మొదలుపెట్టింది. “ఇటు రా బిడ్డా, గీ చెంప కాడ జర వాసన చూడు” అనేది. తినని దాన్ని పట్టుకుని వాసన చూడమనడం ఏమిటి? నాకు ఎనిమిదేళ్లు, నా అనుమానానికి ఎనభై. ఈ ముసలిది నన్ను మెల్లగా చేపకు అలవాటు చేసి, ఒకనాడు నోట్లో ముక్క కుక్కడానికే ఈ ఎత్తు వేసిందని రూఢి చేసుకున్నాను. అందుకే ముక్కు చిట్లించి, చేతులు వెనక్కి కట్టుకుని, పెదవులు బిగబట్టి వాసన చూసేదాన్ని.

కానీ ముక్కుకు పెదవులున్నాయా బిగబట్టడానికి! రెండు వానాకాలాలు గడిచేసరికి, ఒక్క ముక్క తినకుండానే నాకు చేపల పులుసు వచ్చేసింది. బూడిద వేసి గరుకు రాయి మీద రుద్దితే బురద వాసన పోయి చెరువు నీళ్ల వాసన ఒక్కటే మిగులుతుందని, మెంతులు ఎర్రబడే వాసనకూ మాడే వాసనకూ మధ్య రెప్పపాటే ఉంటుందని, కాల్చిన ఉల్లిగడ్డ, ఎండుకొబ్బరి నూరి వేశాక కుండలోంచి ఒక తీపి వాసన లేస్తుందని, చింతపండు పులుసు పోసిన తర్వాత పచ్చివాసన పోయేదాకా ముక్కలు వేయకూడదని తెలిసింది. ఉప్పూ పులుపూ అవ్వ నాలుక మీద వేసుకుని చూసుకునేది. మిగతాదంతా నన్నే అడిగేది. “ఎల్లిపాయ అయిందా? పచ్చివాసన పోయిందా?” పొయ్యి ముందు కూర్చున్న మనిషి అవతల నిలబడ్డ పిల్లను ఎందుకు అడుగుతుంది?

ఈ ప్రశ్న పుట్టాక నేను ఊరుకునే రకం కాదు. కందిలి తుడిచే గుడ్డను గ్యాస్ నూనెలో, అంటే కిరసనాయిలులో, తడిపి, అవ్వ వక్కలు కొరుక్కుంటూ కూర్చున్న పీట కింద దోపి, తలుపు చాటున నక్కాను. అవ్వ తాపీగా ఆకులకు సున్నం రాసుకుంటోంది. ఇంతలో అమ్మ లోపలి నుంచే “గ్యాస్ నూనె ఒలికిందా ఏంది, గింత వాసన?” అని అరిచింది. “ఏం వాసన లేదు, ఏం లేదు” అంది అవ్వ తల ఎత్తకుండా. తర్వాత ఏదో తోచి పీట కింద తడిమి, గుడ్డ బయటికి లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని, తలుపు వైపు చూసింది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను.

“ఎప్పటి సంది వాసన వస్తలేదవ్వా?”

“నీ చెల్లె పుట్టిన యేడు జరమొచ్చె సూడు, గప్పటి సంది. మీ అమ్మకు చెప్తవా?”

నాకు చెప్పలేనంత సిగ్గేసింది. చెప్పనన్నాను. మంచి వాసనకు చెవి గోక్కోవాలని, చెడు వాసనకు నాకు ఆకలైతందని అనాలని ఆ సాయంత్రమే ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం.

ఆ ఏడు మిరుగు నాడు చుట్టాలొచ్చారు. మా ఊరి విడ్డూరం ఏమిటంటే, చేప తప్పకుండా తినాల్సిన ఆ ఒక్క రోజే చేపను అస్సలు నమ్మడానికి లేదు. జూన్ వచ్చేసరికి చెరువు ఎండి నడుమ ఒక మడుగే మిగులుతుంది, ఊరంతటికీ అది చాలదు. అందుకని ఎక్కడెక్కడివో ఐసు చేపలను తెచ్చి, వాటికి చెరువు బురద పూసి, ఇప్పుడే వలలో పడ్డవని అమ్మేవాళ్లు రోడ్డు మీద కూర్చునేవాళ్లు. బాపు తొందరలో అలాంటి వాళ్ల దగ్గరే రెండు పెద్ద బొచ్చె చేపలు కొనుక్కొచ్చాడు. అవ్వ చెంప ఎత్తింది, ఎర్రగానే ఉంది. నేను వచ్చేలోపే అమ్మ పొయ్యి దగ్గర నిలబడి “మంచియేనా అత్తమ్మా?” అని అడిగింది. అవ్వ క్షణం తడబడి, “మంచిగనే ఉన్నయి” అనేసింది.

నేను వంగాను. బురద కింద నుంచి కుళ్లు వాసన గుప్పుమని కొట్టింది. నాకు ఆకలైతందన్నాను. అవ్వ చేతిలో కత్తి ఆగిపోయింది. మాట వెనక్కి తీసుకుంటే కుండ పోతుంది, తీసుకోకపోతే ఇంటిల్లిపాదికీ విషం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నాకు తోచింది ఒక్కటే. చేపలున్న తాంబాలం ఎత్తి ఇస్తున్నట్టు పట్టుకుని, కాలు జారినట్టు చేసి, మొత్తం పక్కనున్న పేడగుంతలో పడేశాను. అమ్మ నా వీపు మీద ఒక్కటేసింది. మిరుగు నాడు చేపలను పేడపాలు చేసిన పిల్ల అని చుట్టాలంతా నోరు నొక్కుకున్నారు. నేను ఏడుస్తూనే ఉన్నాను కానీ నోరు విప్పలేదు.

మళ్లీ పరుగెత్తిన బాపుకు కొమురవ్వ గంప అడుగున వేలెడంత పరక చేపలు మాత్రం దొరికాయి, ఇంకా తోకలు ఆడిస్తున్నాయి. నేను దగ్గరికి పోయి ఊరికే వాసన చూశాను, చెవి తెగేలా గోక్కున్నాను. అవ్వ నవ్వింది. మామిడికాయ ముక్కలు వేసి ఆమె వండిన ఆ పులుసు దించగానే నేను కంచం పట్టుకుని కూర్చున్నాను. ఇంట్లో అందరూ నన్నే చూస్తున్నారు. ముల్లు గురించి ఆలోచించలేదు. ఆ చేపను గంప నుంచి కుండ దాకా కాపలా కాసింది నేనే కదా, ఇంకెవరిని అనుమానించాలి? తల నుంచి తోక దాకా మెత్తగా కరిగిపోయింది. మూడుసార్లు అడిగి వేయించుకున్నాను. ఆ ఏడు నుంచి ఇంగువ గోలీ తప్పింది.

కుండ చివరిదాకా అవ్వ దగ్గరే ఉంది. ఆమె పోయిన చాలా కాలానికి, ఒకనాడు చేపలు కడుగుతూ అమ్మకు ఈ కథంతా చెప్పాను. అమ్మ నీళ్లు పారబోసి మెల్లగా అంది.

“ఆ బొచ్చెల వాసన నాకూ వచ్చింది బిడ్డా. పేడల నువ్వు పడెయ్యకుంటే నేనే పడేద్దును.”

అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు వీపు మీద పడిన దెబ్బ చప్పుడే తప్ప అసలు నొప్పి పుట్టలేదు.

ఇప్పుడు ఆ పెరటికి సిమెంటు వేశారు. బూడిద గంప లేదు, వేసవి మడుగు లేదు, కొమురవ్వ లేదు. కుండ ఎప్పుడు పగిలిందో ఎవరికీ గుర్తు లేదు. నేను గ్యాస్ పొయ్యి మీద స్టీలు గిన్నె పెట్టి, మెంతులు వేసి, కాల్చిన ఉల్లిగడ్డ నూరి వేసి, పులుసు పోశాను. చేపలకు వాసన పోయింది, ఈ కాలానికే వాసన పోయిందని సణుగుతుంటే, పద్నాలుగేళ్ల నా కూతురు మేఘన ముక్కు మూసుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

“మెట్ల కాన్నుంచే కొడ్తుంది కదమ్మా వాసన. నీకొస్తలేదా?”

మంట తగ్గిస్తున్నట్టు వంగి, ఆవిరి మీద గట్టిగా గాలి పీల్చి చూశాను. మేఘన నన్ను చూసింది, గిన్నెను చూసింది, గట్టు మీద తరిగి పెట్టిన ఎల్లిపాయలను చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఒకప్పుడు తలుపు చాటు నుంచి నేనే అలా చూశాను.

“పచ్చివాసన పోయిందా బిడ్డా?” అని అడిగాను.

అది మెల్లగా ముక్కు మీది నుంచి చెయ్యి తీసి, గిన్నె మీదికి వంగింది.

“ఇంకా పోలేదమ్మా. జరసేపు ఉండనియ్యి.”